గారపళ్లు

మా అనంతపురం పల్లెల్లో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వే ఆడవాళ్లను చాలామందిని చూశాను. చూసేవాళ్లు అదంతా సిగ్గనుకుంటారు. సిగ్గే, కాకపోతే పళ్లను గురించిన సిగ్గు! "సరిగా తోముకోవే" అని తల్లి గద్దింపు, పెళ్లిచూపుల్లో కాబోయే అత్తగారి మూతివిరుపు. వేపపుల్ల, బొగ్గుపొడి, ఉప్పు - ఏది పెట్టి రుద్దినా ఆ గోధుమరంగు గార వదిలితేనా?

ఎందుకు వదలదో తేలడానికి ముప్పై ఏళ్లు పట్టింది. 1901లో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో ఫ్రెడరిక్ మెకే అనే పళ్ల డాక్టరు ప్రాక్టీసు పెట్టాడు. ఊళ్లో ఎవరి నోరు చూసినా మచ్చలే. పంది మాంసమన్నారు కొందరు, పాలు మంచివి కావన్నారు ఇంకొందరు. ఆయన అనుమానం మాత్రం నీళ్ల మీదికి పోయింది. చివరికి 1931లో చర్చిల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు అలాంటి ఊళ్ల నీళ్లలో ఫ్లోరైడును పట్టుకున్నాడు. 1937లో షార్ట్, ఆయన తోటి డాక్టర్లు మన నెల్లూరు జిల్లా పల్లెల్లో అదే ఫ్లోరైడు ఎముకల్ని సైతం బిగదీస్తోందని రాశారు.

మా వైపు వాన తక్కువ. బావి ఎండితే బోరే గతి. రాతిలోని ఫ్లోరైడు ఆ లోతు నీళ్లలో కలుస్తుంది. 1995-96లో సత్యసాయి తాగునీటి పథకం 700కు పైగా పల్లెలకు నీళ్లందించడం మొదలుపెట్టాక ఎందరో తల్లులు ఊపిరి పీల్చుకున్నారు.

ఇంత కథా ఎందుకంటారా? గారపళ్లని సిగ్గుపడి, నిజంగా పన్ను పుచ్చినప్పుడు కూడా డాక్టరు ముందు నోరు తెరవనివాళ్లున్నారు. మామూలుగా గార నొప్పి పెట్టదు. నొప్పి ఉందంటే సంగతి వేరే. చల్లనీళ్లకు జివ్వుమని వెంటనే తగ్గిపోతుంటే తీరిక చూసుకుని వెళ్లండి. కాఫీ తాగి గ్లాసు కింద పెట్టాక కూడా సలుపుతున్నా, అర్ధరాత్రి నిద్రలేపినా ఒకటి రెండు రోజులు దాటనివ్వకండి. దవడ వాచి జ్వరం వస్తే ఆ రోజే. మింగడం, ఊపిరి తీయడం కష్టమైతే తిన్నగా పెద్దాసుపత్రికే. లవంగనూనె నొప్పిని కాసేపు మరపిస్తుంది గానీ పుచ్చును ఆపదు. నాలుగు రోజుల సలుపు దానంతటదే మాయమైందా? లోపల నరం చచ్చిపోయి ఉండొచ్చు, అప్పుడైనా చూపించుకోవాల్సిందే.

ఇక ఆ మచ్చ సంగతి. ఎనిమిదేళ్లలోపు, పన్ను చిగురు లోపల తయారవుతున్నప్పుడు తాగిన నీళ్లు వేసిన మచ్చ అది. పిల్లను గద్దించే ముందు ఇంట్లో బిందెలోకి నీళ్లు ఏ బోరు నుంచి వస్తున్నాయో ఒక్కసారి కనుక్కోండి, పరీక్ష చేయించండి.