ఆరడుగుల జాగా

2009 జూన్ 1. లాస్ ఏంజెలెస్. ఈ3 వీడియోగేమ్‌ల ఎక్స్‌పో కోసం దేశదేశాల నుంచి వచ్చిన జనంతో హాలు కిక్కిరిసి ఉంది. వేదిక మీదికి ఒకమ్మాయి వచ్చి నిలబడింది. చేతిలో ఏమీ లేదు. రిమోట్ లేదు. వైరు లేదు. తెర మీద బంతి దూసుకొచ్చింది. ఆమె గాల్లోకే కాలు విసిరింది. తెరలో బొమ్మ కూడా కాలు విసిరింది. బంతి ఎగిరిపోయింది. మైక్రోసాఫ్ట్ ఆ రోజు దాన్ని ప్రాజెక్ట్ నటాల్ అంది. దాని వెనకున్న బ్రెజిల్ ఇంజనీరు అలెక్స్ కిప్‌మన్ తన దేశంలోని ఒక ఊరి పేరు దానికి పెట్టుకున్నాడు. ఆ అమ్మాయి కాలు విసిరిన ముక్కనే మళ్ళీ మళ్ళీ వెనక్కి తిప్పి చూస్తున్నాడు, హిందూపురంలో ఒక ఇంటర్ కుర్రాడు.

ఇరుకు గది. కాలిన వైర్ల వాసన. తిరుగుతున్నా గాలి రాని ఫ్యాను. పక్క గదిలో గేమ్ సెంటర్, అందులో అందరూ మగపిల్లలే, అందరి వేళ్ళూ బటన్ల మీదే. కుర్రాడిది ధర్మవరం. నాయన మగ్గం నేస్తాడు. అమ్మ రేషం చుడుతుంది. ఇంట్లో ఆటలన్నీ తను ఒక్కడే ఆడాడు, వాళ్ళు వెనక నుంచి చూశారు. నింటెండో వాళ్ళ వీ 2006లోనే వచ్చింది. ఆ ఏడాది ఈ3లో దాన్ని ఒక్కసారి చేతపట్టడానికి జనం గంటల తరబడి లైన్లో నిలబడ్డారు. రిమోట్ పట్టుకుని చెయ్యి ఊపితే టెన్నిస్, చెయ్యి విసిరితే బౌలింగ్. ప్రపంచమంతా కలిపి చివరికి పది కోట్లకు పైగా అమ్ముడైన ఆ పెట్టెను హిందూపురంలో ఈ కుర్రాడు కళ్ళతో చూడనేలేదు. ఇప్పుడు ఆ రిమోట్ కూడా అక్కర్లేదంటున్నారు. అంటే నాయన కూడా ఆడచ్చు. అమ్మ కూడా.

నాలుగేళ్ళు గడిచాయి.

2013 ఏప్రిల్. ఉగాది ముందురోజు. బెంగళూరులో చిన్న ఉద్యోగం, సెకండ్ హ్యాండ్‌లో కొన్న మైక్రోసాఫ్ట్ గేమ్ పెట్టె ఎక్స్‌బాక్స్ 360, దానితోపాటు నల్లటి కైనెక్ట్ సెన్సారు. ప్రాజెక్ట్ నటాల్‌కు అమ్మకాల్లో పెట్టిన పేరు అదే. 2010 నవంబరులో విడుదలైతే అరవై రోజుల్లో 80 లక్షలు అమ్ముడై గిన్నిస్ రికార్డు కొట్టింది. ఆ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని, ఎలహంకలో మొదలైన తోపులాట గౌరిబిదనూరు దాటాక ఇంకా పెరిగి, హిందూపురంలో చింతపండు మూటలతో సహా జనం మీద పడి, పెనుకొండ కొండ కిటికీలో కనపడేదాకా మోకాళ్ళు తిమ్మిరెక్కినా పక్కకు దించకుండా, రాత్రికి ధర్మవరంలో దిగాడు. ఇంటికొచ్చి టీవీ ముందు సెన్సారు పెట్టాడు. ఆన్ చేశాడు.

తెర మీద మాట వచ్చింది. వెనక్కి జరగమంది.

ఒకడుగు జరిగాడు. ఇంకా జరగమంది. కైనెక్ట్‌కు మనిషి తల నుంచి పాదం దాకా కనపడాలి. ఒక్కరు ఆడాలంటే ఆరడుగుల దూరం, ఇద్దరైతే ఎనిమిది. అమెరికా ఇంటి హాలుకు సరిపోయే లెక్క అది. ధర్మవరం నేతగాడి ఇంట్లో ముందు మగ్గం ఉంటుంది, మిగిలిన జాగాలో మనుషులుంటారు. టీవీకీ మగ్గానికీ మధ్య నాలుగున్నర అడుగులు. కుర్రాడు తెర మీద నుంచి చూపు తిప్పకుండానే ఇంకో అడుగు వెనక్కి వేశాడు. మడమ కింద నేల లేదు.

"ఒరేయ్! పడుగు తెగుతాది!"

నాయన రెక్క పట్టి లాగాడు. వెనక గుంత. గుంత పైన మగ్గం మీద సగం నేసిన పట్టుచీర, వెంట్రుకంత సన్నటి వేల పోగులు. ఒక్కటీ తెగలేదు. నాయన మాత్రం చాలాసేపు మాట్లాడలేదు. అమ్మే పెనుకొండకు ఫోన్ కలిపింది. అవతల మేనమామ గట్టిగా నవ్వాడు. "మా ఇంట్లో నడిమిల్లు ఖాళీగానే ఉండాది కదక్కా. పండక్కి అందరూ ఈడికే రాండి. ఆ పెట్టె పట్కరమ్మను."

పెనుకొండలో పాతకాలపు మిద్దె. బండలు పరిచిన నేల. వంటింట్లోంచి ఓళిగల వాసన. ఇక్కడ ఆరడుగులేం, పన్నెండు అడుగులున్నాయి. సెన్సారు ఆన్ అయ్యింది. లోపల ఎర్రటి వెలుగు మినుకుమంది. కుర్రాడు చెయ్యెత్తాడు. తెరలో చెయ్యి లేవలేదు. మనిషి ఆకారం ఒక్క క్షణం కనపడి, పొగలా చెదిరిపోయింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ పోయింది.

"ఏంరా, మీ పెట్టెకు మేం కనపళ్ళేదా?" అంది అవ్వ.

ఆ సెన్సారు కంటికి ఆనని పరారుణ కాంతి చుక్కల్ని గదంతా చల్లుతుంది. ఒంటి మీద పడిన చుక్క ఎంత పక్కకు జరిగిందో పట్టి దూరం లెక్కగడుతుంది, సెకనుకు ముప్ఫైసార్లు. ఎండలోనూ అదే పరారుణం ఉంటుంది. పడమటి కిటికీలోంచి పెనుకొండ ఎండ నేరుగా బండల మీద పడుతోంది. ఆ వెలుగులో చుక్కలు మునిగిపోతున్నాయి. కుర్రాడు పరిగెత్తి కిటికీకి దుప్పటి కట్టాడు. గది చీకటైంది. తెరలో మనిషి లేచి నిలబడ్డాడు.

మొదట అవ్వ. కుచ్చిళ్ళ వెనక రెండు కాళ్ళూ ఒకటైపోయి సెన్సారు తడబడింది కానీ, బౌలింగ్‌కు చెయ్యి చాలు. అవ్వ గవ్వలు విసిరినట్టు విసిరింది. పది పిన్నులూ పడ్డాయి. ఇల్లు అరుపులతో మోగింది. అమ్మ పిండి చేతులతో గడపలోకి వచ్చి చూసింది. "ఈ వాయి అయిపోనీ, నేనూ ఆడతా" అని లోపలికి పోయింది. అప్పుడు లేచాడు నాయన.

పంచె మోకాళ్ళ పైకి ఎగ్గట్టాడు. కుర్రాడు పెట్టింది సముద్రం అడుగున గాజు పెట్టెలో నిలబడే ఆట. చేపలొచ్చి గాజును గుద్దుతాయి, పగుళ్ళలోంచి నీళ్ళు చిమ్ముతాయి, చేతులతో, కాళ్ళతో, తలతో వాటిని మూయాలి. ఎవరు ఆడినా మొదట చేతులు పైకి పోతే కాళ్ళ సంగతి మరిచిపోతారు. నాయన మరచిపోలేదు. కుడిచెయ్యి పైన పగులు మీద పెట్టాడు. చూపు దించకుండానే ఎడమకాలు కిందిదాని మీదికి పోయింది. ముప్ఫై ఏళ్ళుగా ఆ కాళ్ళు గుంతలో తొక్కుడు చెక్కల్ని కనపడకుండానే వెతుక్కుంటున్నాయి. పైన ఒక చెయ్యి నాడె తాడు లాగుతుంటే ఇంకో చెయ్యి పేకను దగ్గరికి కొడుతుంది, కళ్ళు జరీ మీదుంటాయి, కాళ్ళు తమ పని తాము చేసుకుంటాయి. ఏళ్ళ తరబడి బటన్లు నొక్కిన కొడుక్కి చేతకానిది నాయన ఒంట్లో ముందే ఉంది. మూడు పగుళ్ళు. నాలుగు. కుడిచెయ్యి, ఎడమచెయ్యి, కుడికాలు, ఎడమకాలు. నుదుటి మీద చెమట. అయిదోది సరిగ్గా నడిమధ్య విచ్చుకుంది. నాయన తల ముందుకు వంచాడు.

కరెంటు పోయింది.

ఆ వేసవిలో రాష్ట్రమంతా కోతలే. గంట చూశారు. రెండు గంటలు చూశారు. అమ్మ చేతులు కడుక్కుని చీకటి తెర ముందు కూర్చుంది. రైలు వేళయింది. "మళ్ళీ వచ్చినప్పుడు నీ వంతేమా" అన్నాడు కొడుకు.

ఆ వంతు అంత తొందరగా రాలేదు. నెల తిరిగేసరికి, మే 21న, మైక్రోసాఫ్ట్ కొత్త ఎక్స్‌బాక్స్ వన్‌ను చూపించింది. కైనెక్ట్ లేకుండా పనిచేయదంది. జూన్‌లో ధర 499 డాలర్లంది. సోనీ పీఎస్4 ధర 399 అంది. అదే నెలలో స్నోడెన్ బయటపెట్టిన నిఘా రహస్యాలతో లోకం ఉలిక్కిపడింది. ఎప్పుడూ వింటూ చూస్తూ ఉండే కెమెరాను ఎవరు ఇంట్లో పెట్టుకుంటారు? అవ్వకు నచ్చిన ఆటను బలవంతంగా అంటగట్టడమే దాన్ని చంపింది. 2014 ఫిబ్రవరి 4న మైక్రోసాఫ్ట్ పగ్గాలు సత్య నాదెళ్ళ చేతికొచ్చాయి. ఆయన తండ్రి, ఐఏఎస్ అధికారి యుగంధర్ సొంతూరు అనంతపురం జిల్లా బుక్కాపురం. జిల్లా పొంగిపోయింది. కుర్రాడూ పొంగిపోయాడు. మే 13న ఆ కంపెనీ నుంచే ప్రకటన వచ్చింది.

కైనెక్ట్ లేని ఎక్స్‌బాక్స్ వన్, 399 డాలర్లకే. తప్పనిసరి కాని సెన్సారుకు ఆటలు రాసేవాళ్ళు తగ్గిపోయారు. 2017 అక్టోబరు 25న తయారీ ఆపేశామని చెప్పేశారు. అప్పటికి అమ్ముడైనవి దాదాపు మూడున్నర కోట్లు. తొమ్మిది రోజులకు, నవంబరు 3న, ఐఫోన్ టెన్ దుకాణాలకొచ్చింది. ముఖం చూసి తాళం తీసే ఫోను. మొదటి కైనెక్ట్‌కు లోతు చూసే కన్ను ఇచ్చిన ప్రైమ్‌సెన్స్ అనే ఇజ్రాయెల్ కంపెనీని ఆపిల్ 2013లోనే కొనేసింది. పెనుకొండ ఎండకు మునిగిపోయిన ఆ చుక్కలు ఇప్పుడు అరచేతిలోకి దిగాయి. 2023 డిసెంబరులో ఈ3 కూడా శాశ్వతంగా మూతపడింది. కుర్రాడు ఆ వార్త చదివి ఫోన్ పక్కన పెట్టి, ధర్మవరానికి ఫోన్ కలిపాడు.

"అమ్మా, ఒకసారి బెంగళూరికి రా. నాయన్ను కూడా పిల్చుకురా."

వైట్‌ఫీల్డ్, కేటీపీఓ హాలు. కామిక్ కాన్ జనం. స్పైడర్‌మ్యాన్ వేషాలు, చెక్క కత్తులు, చెవులు పగిలే పాటలు. వీఆర్ స్టాలు ముందు పొడవాటి లైన్. అందులో ధర్మవరం పట్టుచీర కట్టుకున్నది ఒక్కరే. ముందున్న పిల్లలు వెనక్కి తిరిగి తిరిగి చూస్తున్నారు. వంతు వచ్చింది. స్టాలు అమ్మాయి కొప్పులో పూలు నలగకుండా పట్టీ పైకి జరిపి, కళ్ళకు హెడ్‌సెట్ పెట్టింది. రెండు చేతులకూ రెండు కంట్రోలర్లు ఇచ్చి, మణికట్టుకు తాళ్ళు తగిలించింది. ఎదుట టేబుల్ టెన్నిస్ బల్ల. మొదటి బంతి పక్క నుంచి పోయింది. రెండోదీ పోయింది. మూడోది తగిలింది.

"అట్ల కాదు, మణికట్టు తిప్పల్ల" అన్నాడు నాయన బయట నుంచి.

"నువ్వు గమ్మునుండు, ఆ పొద్దు నువ్వు ఆడినావు" అంది అమ్మ, బంతి వచ్చే వైపుకే ముఖం పెట్టుకుని. రేషం చుట్టిన మణికట్టు చటుక్కున తిరిగింది. బంతి బల్ల అంచున తగిలి అవతలికి జారింది. టైమ్ అయిపోయిందని స్టాలు అమ్మాయి భుజం తట్టింది. అమ్మ హెడ్‌సెట్ తియ్యలేదు.

"ఇంగొక్క ఆట పెట్టమను. దుడ్డు నేనిస్తా."