తిమింగలం ఏ వర్గంలో?

పాతకాలపు వీధిబడిలో పిల్లలు అమరకోశం వల్లె వేసేవారు. అమరసింహుడు కూర్చిన ఆ సంస్కృత నిఘంటువులో పదాలు అకారాది క్రమంలో ఉండవు, వర్గాలుగా ఉంటాయి. కాబట్టి పర్యాయపదాలతో పాటే ఏ ప్రాణి ఎక్కడ బతుకుతుందో, ఎవరికి అక్కరకొస్తుందో కూడా పిల్లలకు పట్టుబడేది. పాములు పాతాళభోగివర్గంలో ఉంటాయి. చేపలు, కప్పలు, తాబేళ్లు, మొసళ్లు వారివర్గంలో. ఏనుగు, గుర్రం సేనలో భాగం కనుక క్షత్రియవర్గంలో. ఆవు, మేక, ఒంటె, గాడిద వైశ్యవర్గంలో. కుక్క మాత్రం వేటగాడితో పాటు శూద్రవర్గంలో కనిపిస్తుంది. సింహాదివర్గంలో సింహంతో పాటు దున్నపోతు, పిల్లి, తేలు, పక్షులు, వాటి నడుమ గబ్బిలం.

తిమింగలాన్ని చేపల సరసన చేర్చారు.

మన దేశంలోనే మరో పద్ధతీ ఉండేది. ప్రాణులను పుట్టుకను బట్టి జరాయుజాలు (తల్లి కడుపున మావితో పుట్టేవి), అండజాలు (గుడ్డులోంచి పుట్టేవి), స్వేదజాలు (చెమటలోంచి పుట్టేవనుకున్నవి), ఉద్భిజ్జాలు (నేలను చీల్చుకుని మొలిచేవి) అని విడదీసేవారు. ఆ లెక్కన పిల్లల్ని కనే తిమింగలం ఆవు పక్కకు చేరాలి. కానీ నడిసంద్రంలో దాని కాన్పు చూసేదెవరు? గ్రీసులో అరిస్టాటిల్ మాత్రం డాల్ఫిన్లు ఊపిరితిత్తులతో గాలి పీలుస్తాయనీ, పిల్లలకు పాలిస్తాయనీ క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దంలోనే గమనించి రాశాడు. తిమింగలాలను, డాల్ఫిన్లను చేపల్లో కలపకుండా వేరే గుంపుగా ఉంచాడు.

ఆ సంగతి బడిపిల్లల దాకా రావడానికి రెండు వేల ఏళ్లకు పైగా పట్టింది. కొమీనియస్ అనే చెక్ ఉపాధ్యాయుడు 1658లో న్యూరెంబర్గ్‌లో పిల్లల కోసం ఒక బొమ్మల పుస్తకం అచ్చు వేయించాడు. పిల్లల బొమ్మల పుస్తకాలకు అదే ఆద్యమని చెబుతారు. అందులో ఇంటి పట్టున ఉండేవి, మందలు, బరువులు మోసేవి, క్రూరమృగాలు, నీటి పక్షులు అంటూ పాఠాలున్నాయి. తిమింగలం మాత్రం సముద్రపు చేపల్లోకెల్లా పెద్దది!

స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ కూడా 1735లో దాన్ని చేపల్లోనే ఉంచాడు. తన గ్రంథం పదో కూర్పులో, 1758లో, మనసు మార్చుకున్నాడు. గుండె, ఊపిరితిత్తులు, చనుబాలు ఆధారంగా దాన్ని క్షీరదాలలోకి మార్చాడు.

పండితుడు ఒప్పుకున్నంత మాత్రాన లోకం ఒప్పుకోలేదు. చేపనూనెకు తనిఖీ తప్పనిసరి చేస్తూ న్యూయార్క్ రాష్ట్రం 1818లో చట్టం చేసింది. తిమింగలం నూనె చేపనూనె కాదంటూ శామ్యూల్ జడ్ అనే వ్యాపారి తనిఖీ రుసుము కట్టలేదు. వ్యవహారం కోర్టుకెక్కింది. శామ్యూల్ మిచిల్ అనే ప్రకృతి శాస్త్రవేత్త బోనెక్కి తిమింగలం చేప కాదని సాక్ష్యం చెప్పాడు. జ్యూరీ పావుగంటలో తేల్చేసింది: చేపే. మరుసటి ఏడాది చట్టాన్నే సవరించి, తిమింగలం నూనెను తనిఖీ నుంచి తప్పించారు.

ఈ కథలో మన దేశపు రాళ్లకూ చోటుంది. జమ్మూ కాశ్మీర్‌లోని కాలాకోట్ ప్రాంతంలో దొరికిన ఒక శిలాజ జంతువుకు భూవిజ్ఞాని ఎ. రంగారావు 1971లో ఇండోహయస్ అని పేరు పెట్టారు. ఆయన సేకరించి ఉంచిన రాళ్లను ఆయన తదనంతరం శిలాజ శాస్త్రవేత్త హాన్స్ థెవిస్సెన్ బృందం పరిశీలించింది. సుమారు 4.8 కోట్ల ఏళ్ల నాటి ఆ జంతువుకు గిట్టలున్నాయి, చూడ్డానికి చిన్న జింకలా ఉండేది. దాని చెవి ఎముక మాత్రం తిమింగలాల చెవి ఎముకలాగే ఒకవైపు బాగా మందంగా ఉంది. అంటే అది తిమింగలాలకు దగ్గరి చుట్టమని 2007లో వెల్లడైంది. ఇప్పుడు బతికున్న జంతువుల్లో మాత్రం తిమింగలానికి దగ్గరి చుట్టం నీటి ఏనుగు.

నేటి బడిలో చేపలు, ఉభయచరాలు, సరీసృపాలు, పక్షులు, క్షీరదాలు అని సకశేరుకాల పట్టిక ఒప్పజెప్పిస్తారు. అంతటితో ఆగిపోతే కారణాలు పిల్లలకు అందవు. అవి అందాలంటే ఇలాంటి ఉదాహరణ చూపాలి. 2021 డిసెంబరులో విశాఖపట్నం దగ్గరి తంతడి తీరానికి ఒక తిమింగల సొర కొట్టుకొస్తే, అటవీ సిబ్బంది, మత్స్యకారులు కలిసి దాన్ని తిరిగి సముద్రంలోకి పంపారు. పేరులో తిమింగలం ఉన్నా అది మొప్పలతో ఊపిరి తీసే నిఖార్సైన చేప. దాని బొమ్మనూ నీలి తిమింగలం బొమ్మనూ పక్కపక్కన పెట్టి చూపాలి. సొర తోక నిలువుగా ఉండి పక్కలకు ఆడుతుంది. తిమింగలం తోక అడ్డంగా ఉండి పైకీ కిందికీ ఆడుతుంది. నేల మీద పరుగెత్తే క్షీరదం చిరుత వెన్ను వంగేదీ అలాగే. ఈ తేడాను మూడో తరగతి పిల్లలు కూడా తమంతట తామే పట్టుకోగలరు.