నీటిని తేర్చిన గింజలు, నత్తలు, నాచులు

సుశ్రుతసంహిత సూత్రస్థానమున 45వ అధ్యాయము ద్రవద్రవ్యములను గూర్చినది. అందు జలగుణములను వివరించుచు ఆచార్యుడు, బురదచేతను, నాచుచేతను, గడ్డిచేతను, తామరాకులచేతను కప్పబడి, సూర్యచంద్రుల కిరణములును గాలియు సోకక, వాసనయు రంగును రుచియు మారిన నీటిని చెడిన నీరుగా నిర్ణయించినాడు. ఇంతవరకు వింత యేమియు లేదు; పెరటిలో తామరకొలను పెంచుకొను ఏ గృహస్థుడైనను ఈ మాటనే చెప్పును. కాని ఆ అధ్యాయముననే కొంత దూరము పోయిన పిమ్మట, కలుషజలమును తేర్చు సాధనములు ఏడింటిని పేర్కొనుచు, కతకబీజము, గోమేదకము, తామరదుంప, శైవాలమూలము, వస్త్రము, ముత్యము, మణి యని లెక్కించినాడు. నీటిని చెరచు వానిలో చేరిన తామరయు నాచును నీటిని బాగుచేయు వానిలోను చోటు సంపాదించుకొన్నవి. దోషియే వైద్యుడగు ఈ వైచిత్రి నాకు మహానందము కలిగించినది. దీని మూలమేమో, దీని చుట్టములెవరో వెదకుచు పోయినకొలది, పెరటి కొలనులో పచ్చబడిన నీటిని తేర్చుటయను చిన్నపని వెనుక రెండువేల యేండ్ల చరిత్ర యున్నదని తెలియవచ్చినది.

ముందుగా ఒక భేదమును గుర్తింపవలెను. నీటిని కలచు మాలిన్యము రెండు విధములు. ఒకటి మన్ను: ప్రాణము లేనిది, మిక్కిలి సన్నని రేణువులు సజాతీయమైన విద్యుదావేశము కలవి యగుటచే ఒకదానినొకటి త్రోసికొనుచు అడుగునకు దిగక తేలాడుచుండును, ఒకమారు దిగినచో మరల కలచువరకు లేవవు. రెండవది పచ్చదనము: అది ప్రాణము గలది, కంటికి కానరాని ఏకకణజీవులు కోట్లకొలది చేరి, ఎండను, నీటిలో కరగిన నత్రజని భాస్వరములను ఆహారముగా గొని దినదినప్రవర్ధమానమగుచుండును. మన్నును దింపిన పని ముగియును. పచ్చదనమును ఎన్నిమార్లు దింపినను, ఎండయు ఎరువును ఉన్నంతకాలము అది తిరిగి పుట్టుచునే యుండును. కావుననే నీటిని తేర్చు విద్య మొదటినుండి రెండు పాయలుగా ప్రవహించినది.

సుశ్రుతుడు చెప్పిన శైవాలమునకు మూలమున్నది. గోడకంటు పాచికిని, నీటిని పచ్చబరచు సూక్ష్మజీవులకును వేరు లేదు గదా! అందుచేత ఆయన ఉద్దేశించినది, నీటి యడుగున వేరూని పొడవైన ఆకులతో ఊగుచుండు మొక్కజాతి యేదో అయి యుండునని నాకు తోచుచున్నది. ఈ జాతికి శోధనశక్తి గలదని మన దేశీయులు ఎరుగుదురనుటకు వేరొక నిదర్శనము చక్కెర పనివారి యొద్ద దొరకినది. ఉత్తరదేశమున ఖండసారి చేయువారు, బుట్టలలో నింపిన ముడిచక్కెరపై వాలిస్నేరియా, హైడ్రిల్లా వంటి నీటిమొక్కలను తడితడిగా పరచెడివారు. వాని నుండి నెమ్మదిగా దిగు తడి చక్కెరలోని మడ్డిని తనతో క్రిందికి కొనిపోగా పైపొర తెల్లబడును. ఆ పొరను గీకి తీసికొని, మరల క్రొత్త నాచును పరతురు. యంత్రాలయములు వచ్చి ఈ నేర్పును వెనుకకు నెట్టినవి. చెరువులో వ్యర్థముగా పెరుగు కలుపుతో చక్కెరను తెల్లబరచిన ఆ చేతుల వివేకమునకు చరిత్ర గ్రంథములలో ఒక పేరాయైనను దక్కవలసి యున్నది.

ఇక ఏడింటిలో అగ్రస్థానము నందిన కతకము మన చిల్లగింజ. దీనిని ఇండుపగింజ యనియు అందురు. మన మెట్ట అడవులలో పెరుగు మధ్యమప్రమాణపు చెట్టు; పండినపుడు నల్లనగు పండులో గుండ్రని గింజ యుండును. కుండ లోపలి గోడకు ఈ గింజను కొంతసేపు అరగదీసి, నీరు పోసి కదపక యుంచినచో, మన్ను అడుగునకు చేరి తేటనీరు పైన నిలుచును. సంస్కృత వాఙ్మయమున ఈ గింజకు లభించిన గౌరవమును తలచినపుడు నాకు ముందుకు సాగ మనసొప్పదు; పాఠకులు కొంత ఓపిక పట్టుదురుగాక.

మనుస్మృతి ఆరవ అధ్యాయమున సన్న్యాసిధర్మములను చెప్పుచు, కతకఫలము నీటిని తేర్చునదియే యైనను, దాని పేరు పలికినంతమాత్రాన నీరు తేరుకొనదని స్మృతికారుడు హెచ్చరించినాడు. కాషాయము మొదలగు చిహ్నములు ధర్మమునకు కారణములు కావు, ఆచరణమే కారణమను గంభీరార్థమును బోధించుటకు ఆయనకు వంటయింటి గింజ ఉపకరించినది. ఉపమానము బోధపడవలెనన్న వినువారికి అది నిత్యపరిచితమై యుండవలెను. దీనినిబట్టి ఆనాడు కతకము ఎంతటి సర్వసామాన్య వస్తువో ఊహింపవచ్చును. కాళిదాసు మాళవికాగ్నిమిత్రమున, పండితుల సాహచర్యముచే మందబుద్ధియు చురుకుదనము పొందునని చెప్పుచు, పంకమును ఛేదించు ఫలము ఒరయుటచే కలకనీరు తేటపడు విధమును సాదృశ్యముగా తెచ్చినాడు. అరగదీయుటయను క్రియను విడువక చెప్పుటలో ఆ మహాకవి ఎంత సూక్ష్మదర్శియో గమనింపుడు: పండును నీటిలో పడవేసిన చాలదు, రాపిడి కావలెను.

శంకరభగవత్పాదుల కృతిగా ప్రసిద్ధమైన ఆత్మబోధలో ఈ గింజ పరాకాష్ఠ నందుకొన్నది. అజ్ఞానముచే కలుషితుడైన జీవుని జ్ఞానము నిర్మలుని జేసి, కతకరేణువు నీటిలో వలె, తానును నశించునని అందు గలదు. వేదాంతార్థము అట్లుండ, ఇది కంటితో చూచి చెప్పిన మాట. గింజ నుండి వెలువడు బహుశర్కరములు దీర్ఘమైన అణుశృంఖలములై, ఒక్కొక్క శృంఖలము పెక్కు మట్టిరేణువులను పట్టుకొని గుంపుగా జేయును. బరువెక్కిన గుంపులతోపాటు ఆ పదార్థమును అడుగు చేరును. శోధకద్రవ్యము శోధింపబడు మాలిన్యముతో కూడ తొలగిపోవుటయే దాని ఘనత. నేటి జలశాస్త్రజ్ఞులు ప్రయోగశాలలలో నిరూపించినదానిని మోక్షశాస్త్రము ఒక ఉపమానముగా ఎన్నడో భద్రపరచినది.

ఆరవ శతాబ్దికి చెందిన వరాహమిహిరుడు కుండను దాటి బావికి వచ్చినాడు. బృహత్సంహితలోని దకార్గలాధ్యాయము పుట్టలను, చెట్లను, రాళ్ళను బట్టి భూగర్భజలమును కనుగొను విధానమును చెప్పునది. ఆ అధ్యాయపు చివరిభాగమున, అంజనము, తుంగముస్తలు, వట్టివేళ్ళు, కోశాతకి, ఉసిరిక వీని చూర్ణమును కతకఫలముతో కలిపి బావిలో వేయవలసినదని ఒక యోగము గలదు. కలకబారినదియు, చేదెక్కినదియు, ఉప్పనైనదియు, చప్పిడిదియు, దుర్గంధభూయిష్ఠమును అగు నీరు దానివలన స్వచ్ఛమై, రుచ్యమై, సుగంధి యగునట. గింజ ఉప్పును తీయజాలదు. కాని తేటకు గింజ, వాసనకు వట్టివేరు, రుచికి ఉసిరిక యని, ఒక్కొక్క దోషమునకు ఒక్కొక్క ద్రవ్యమును జతపరచిన ఆ యోజన ముచ్చటగొలుపుచున్నది.

పిదప ఎనిమిదివందల యేండ్లను ఒక్క అంగలో దాటుదము. తెలుగునాట ఆ కాలపు జలవిజ్ఞానము చెరువు కట్టలపై నిలిచినది. 1369 నాటి పోరుమామిళ్ళ శాసనము చెరువు నిర్మాణమునకు వలయు 12 అంగములను, వర్జింపవలసిన 6 దోషములను లెక్కించినది. వేసవిలో నీరింకిన చెరువులనుండి పూడికమన్ను తీసి బండ్లతో పొలములకు తోలుకొను ఆచారమును నేను ఇచ్చట స్మరింపక తప్పదు. రైతు దానిని పంటకు బలమని తోలుకొన్నాడు. కాని ఆ మన్నుతోపాటు నాచునకు తిండియగు భాస్వరమును చెరువు దాటిపోయినది. ఒక్క పనితో పొలము బలిసినది, నీరు తేటబడినది. ఈ ఆచారము క్షీణించిన కాలములోనే చెరువులు పూడి పచ్చబడుట ఎక్కువయ్యెను. 2015లో తెలంగాణలో మిషన్ కాకతీయ పేరిట పూడికను మరల పొలములకు తరలింపబూనుట నాకు మిక్కిలి సంతోషము కలిగించినది.

చిల్లగింజను పాశ్చాత్యులకు సచిత్రముగా పరిచయము చేసిన కీర్తిలో మన సామర్లకోటకు భాగమున్నది. 1781లో అచటికి వచ్చిన వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్, స్థానిక చిత్రకారులచే మొక్కల బొమ్మలు వ్రాయించి లండనునకు పంపగా, సర్ జోసెఫ్ బ్యాంక్స్ పర్యవేక్షణమున కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథము 1795 నుండి వెలువడసాగినది. మొదటి సంపుటముననే చిల్లయు, దాని సోదరియగు విషముష్టియు కలవు. ఒకే ప్రజాతికి చెందిన ఈ రెండింటిలో ఒకటి ప్రాణము తీయును, మరియొకటి నీటిని తేర్చును. కుండలో గింజ నరగదీయు పద్ధతిని వర్ణించుటయే గాక, ముందుచూపు గల సేనాధికారులును సైనికులును యుద్ధసమయమున ఈ గింజలను వెంట నుంచుకొందురనియు, ఇవి పటికకంటె సులభముగా దొరకుననియు, దేహమునకు దానికంటె తక్కువ హాని చేయుననియు ఆయన వ్రాసినాడు. ఆ బొమ్మలు వ్రాసిన తెలుగునాటి చిత్రకారుల పేళ్ళు మాత్రము ఆ పుటలకెక్కలేదు; ఆ లోపము నన్ను బాధించుచున్నది.

చిల్లగింజకు చుట్టములు దూరదేశములందును కలరు. కైరో నగరమున జీరు అను మట్టిజాడీ లోపల నూరిన బాదముపప్పును రాచి నైలునది నీటిని తేర్చెడివారు. సూడానులో అదే నది వరదనీటికి స్త్రీలు మునగగింజల పిండిని వాడుచుండగా, ఖార్తూమున సామియా అల్ అజారియా జాన్ 1970 తరువాతి కాలమున ఆ ఆచారమును శాస్త్రీయముగా పరిశీలించినది. మునగగింజలోని మాంసకృత్తు ధనావేశము గలది. మట్టిరేణువులు ఋణావేశము గలవి. రెండును కలసి అడుగంటును. మనము పులుసులో వేసికొను మునగ, మరియొక ఖండమున జలవైద్యము చేయుచున్నది.

ఇదంతయు మన్ను కథ. పచ్చదనపు కథకు ముఖ్యఘట్టము లండనులో జరిగినది. అచటి ఔషధకారుల సంఘమునందు రసాయనవేత్తయైన రాబర్ట్ వారింగ్టన్, పండ్రెండు గ్యాలన్ల గాజుపాత్రలో ఇసుక, రాళ్ళు, మట్టి పరచి, నీరు పోసి, రెండు చిన్న బంగారుచేపలను, వాలిస్నేరియా మొక్కను ఉంచినాడు. చేపలు విడుచు బొగ్గుపులుసుగాలిని మొక్క గ్రహించి ప్రాణవాయువు నొసగుటచే కొంతకాలము అంతయు సవ్యముగా జరిగెను. తరువాత ముదురాకులు క్రుళ్ళి నీరు కలకబారి, గాజుగోడలకు పచ్చని జిగట పట్టినది. వారింగ్టన్ పాత్రను కడిగివేయలేదు. ప్రకృతిలో ఈ క్రుళ్ళును తొలగించువారెవరని యోచించి, అయిదారు నీటినత్తలను తెచ్చి వదలినాడు. అవి క్రుళ్ళిన ఆకులను, పచ్చని జిగటను తిని నీటిని తేటపరచుటయే గాక, వాని గ్రుడ్లు చేపలకు ఆహారమైనవి. మొక్క, చేప, నత్త ఈ మూటి సమభావమును 1850లో ఆయన రసాయనశాస్త్ర సంఘమునకు నివేదించినాడు. మూడేండ్లకు లండను జంతుప్రదర్శనశాలలో చేపలయిల్లు వెలసినది. గృహములలో గాజుతొట్టెలు పెంచు వేడుక లోకమంతట వ్యాపించెను. నత్తను గౌరవించిన ఆ వివేకము మాత్రము అంతగా వ్యాపింపలేదు.

1904లో అమెరికా వ్యవసాయశాఖకు చెందిన జార్జ్ మూర్, కార్ల్ కెల్లర్మన్‌లు, మైలుతుత్తమును అత్యల్పముగా కలిపినను జలాశయములలో నాచు నశించునని ప్రకటించిరి. పట్టణ జలాశయములకు అది గొప్ప ఉపకారమే చేసినది. కాని పెరటి కొలనులో దాని పోకడ వేరు. రాగి నత్తలకు విషము, పెక్కు చేపలకును హాని. చచ్చిన నాచు ఒక్కుమ్మడి క్రుళ్ళుటలో నీటిలోని ప్రాణవాయువు హరించిపోవును. క్రుళ్ళిన దాని సారము మరల నీటనే కరగి, రాబోవు నాచునకు విందగును. వారింగ్టన్ పిలిచి తెచ్చుకొన్న సేవకుని మనము మందు పేరిట చంపుకొనుచున్నాము. త్వరపాటున మనము పోగొట్టుకొన్నది ఒక గింజయో ఒక నత్తయో కాదు. నీటి వ్యాధి యేమో గుర్తించి ఆ వ్యాధికి తగిన చికిత్స చేయు దృష్టి.

ఆ దృష్టి పూర్తిగా అంతరింపలేదనుటకు ఇంగ్లండులోని యవలగడ్డి సాక్ష్యము. గడ్డిమోపులు పడిన చెరువులో నాచు తగ్గుట ఒక రైతు కంటబడినదని చెప్పుదురు. తరువాత శాస్త్రజ్ఞులు చెస్టర్‌ఫీల్డ్ కాలువపై ప్రయోగములు జరిపి, యవలగడ్డి నాచు పెరుగుదలను అరికట్టునని 1990లో ప్రకటించిరి. గడ్డి ప్రాణవాయువు సోకుచు మెల్లగా చివుకుచున్నపుడే ఈ గుణము వెలువడును. ఉన్న నాచును అది చంపదు, క్రొత్త నాచును పెరుగనీయదు. వెచ్చని నీటిలో ఒకటి రెండు వారములు, చలినీటిలో ఆరు మొదలు ఎనిమిది వారములు వేచియుండవలెను. క్రుళ్ళిన ఆకు వారింగ్టన్ నీటిని చెరచినది. చివుకు గడ్డి ఆంగ్లేయుల చెరువులను కాచినది. మితము తప్పిన దోషము, మితమునకు లోబడిన ఔషధము.

కావున పెరటి కొలను పచ్చబడినపుడు గృహస్థుడు చేయవలసిన పని యిది. చేపలు ఎక్కువైనవేమో లెక్కింపవలెను. అవి వెంటనే తినగలిగినంతకు మించి మేత వేయరాదు. నీటిపై సగభాగమునకైనను తామరయో కలువయో నీడపట్టునట్లు పెంచవలెను, అంతయు కప్పనీయరాదు. అడుగున వేరూను నాచుమొక్కలను నాటి, నీటినత్తలకు చోటీయవలెను. రాలిన ఆకులను, అడుగున చేరిన మడ్డిని తీసి చెట్ల పాదులలో వేయవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, విసిగి కొలనును ఖాళీచేసి క్రొత్తనీరు నింపరాదు. ఆ నీటితో క్రొత్త లవణములు వచ్చును; పాతనీటితో నాచును మేయు సూక్ష్మజంతువులు పోవును; పదిదినములు తిరుగక ముందే పచ్చదనము ఇనుమడించును. నీటికి తన్ను తాను తేర్చుకొను శక్తి కలదు. దానికి వలసిన తోడును సమకూర్చి, కొన్ని వారములు చేయి పెట్టక యుండగలవాడే కొలనునకు నిజమైన యజమానుడు.