నేల కూడా ఆడే ఆట

నేలా-బండా ఆట మీలో చాలామంది ఆడే ఉంటారు. దొంగని "నేల కావాలా, బండ కావాలా" అని అడుగుతాం. నేల అందంటే మిగిలినవాళ్ళం బండ మీదే ఉండాలి, కిందకి దిగితే అంటేసుకుంటుంది. మా దివిసీమలో బండలెక్కడివి, కృష్ణమ్మ తెచ్చి పోసిన ఒండ్రు తప్ప! అందుకని ఇళ్ళ అరుగులే మాకు బండలు. ఎవరి అరుగు ఎత్తు, ఎవరి మెట్టు విరిగింది, ఏ మామ్మగారి అరుగెక్కితే చీపురు తిరగేస్తుంది, ఇవన్నీ లెక్క చూసుకుని ఆడేవాళ్ళం. కోతికొమ్మచ్చికైతే ఇంక చెప్పక్కర్లేదు, చెట్టు లేకపోతే ఆటే లేదు. అష్టాచెమ్మా గచ్చు మీద గీసినా ఒకటే, నాపరాయి మీద గీసినా ఒకటే. ఈ ఆటలు అలా కాదు. వీటిలో స్థలం కూడా మనతో పాటు ఆడుతుంది.

ఈ సంగతి నాకు బాగా తట్టింది మాత్రం ఒక బొమ్మల వీడియో గేమ్ చూశాక. నవ్వకండి.

సంక్రాంతికి మా చెల్లి న్యూజెర్సీ నుంచి పిల్లలతో పాలకాయతిప్ప వచ్చింది. వాళ్ళబ్బాయి తన పాత వీ గేమ్ పెట్టె తెచ్చుకున్నాడు. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. నేరుగా పెడితే మాడిపోతుందని మా ఆయన కరెంటు తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ డబ్బా ఒకటి తెప్పించారు. మూడు కిలోలుంది, పప్పు రుబ్బుతున్నట్టు ఒకటే గుర్రుమనడం. దాని మీద రెండు బేస్‌బాల్ ఆటలు ఆడారు పిల్లలు. ఒకటి 2005లో వచ్చిన మారియో సూపర్‌స్టార్ బేస్‌బాల్, రెండోది 2008లో వచ్చిన మారియో సూపర్ స్లగ్గర్స్. మొదటిది అంతకుముందు తరం పెట్టెది, గేమ్‌క్యూబ్ అనేవారట. దాని రిమోట్లు వేరు, అవీ సూట్‌కేసులో వేసుకొచ్చాడు. మినపసున్నికి చోటు లేకుండా చేశాడని తిరుగు ప్రయాణంలో మా చెల్లి గోల.

బేస్‌బాల్ తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. పేకలో డైమండు గుర్తు ఉంటుంది కదా, అలా నాలుగు మూలలు. ఒక మూలన బ్యాటు పట్టుకున్నవాడు, మధ్యలో బంతి విసిరేవాడు. కొట్టి, మూడు మూలలూ తాకి, మొదలుపెట్టిన చోటికి వస్తే ఒక పరుగు. మూలకీ మూలకీ మధ్య 90 అడుగులు, విసిరే చోటుకీ కొట్టే చోటుకీ 60 అడుగుల 6 అంగుళాలు. ఈ కొలతలు ఎక్కడైనా ఇంతే. కానీ వాటి వెనకాల ఉన్న మైదానం, అంటే బంతి ఎగిరి పడే చోటు, ఇంతే ఉండాలని లేదు. ఒక్కో ఊళ్ళో ఒక్కో రకం. నాకు ఈ ఆట మీద ఆసక్తి పుట్టిందే ఇక్కడ.

గేమ్‌లో దీన్ని ఎంత దూరం తీసుకుపోయారో చూడండి. మారియో స్టేడియం ఒక్కటే మామూలు మైదానం. యోషీ పార్కులో నేలలోంచి పళ్ళున్న మొక్కలు లేచి బంతిని మింగేస్తాయి. డాంకీ కాంగ్ అడవిలో పీపాలు దొర్లుకుంటూ వచ్చి బంతి పట్టబోయేవాడిని పడగొడతాయి. వారియో కోట ఎడారిలో ఉంటుంది, అక్కడ సుడిగాలులు. బౌజర్ అనే రాక్షసుడి కోటలో నిప్పుల మడుగు. రెండో గేమ్‌లో పీచ్ రాకుమారి తోట మంచుతో గడ్డకట్టి ఉంటుంది. లూయీజీ దయ్యాల మేడలో ఎప్పుడూ రాత్రే, సమాధుల మధ్య ఆడాలి. కొన్ని స్టేడియాలకి పగలు ఒక తీరు, రాత్రి ఒక తీరు. ఎంత బాగా కొట్టినా, ఆ చోటు గుణం తెలియనివాడు ఓడిపోతాడు. విరిగిన మెట్టు సంగతి తెలియని కొత్త పిల్ల మా నేలా-బండాలో మొదట దొరికిపోయేది, అచ్చం అలాగే.

ఇది పూర్తిగా కట్టు కథేమీ కాదు. అమెరికాలో పాత బేస్‌బాల్ మైదానాలు ఊరి మధ్య వీధుల సందుల్లో, ఉన్న స్థలంలో ఇరికించి కట్టినవి. బోస్టన్‌లో 1912లో తెరిచిన ఫెన్‌వే పార్కుకి ఎడమ పక్కన వీధి అడ్డొచ్చింది. దూరం చాలక గోడ ఎత్తుగా లేపారు, 37 అడుగుల పైన. 1947లో దానికి ఆకుపచ్చ రంగు వేశారు, ఇప్పుడు దాని పేరే పచ్చ రాక్షసి. వేరే ఊళ్ళో సిక్సర్ లాంటిది అయ్యే దెబ్బ అక్కడ గోడకి తగిలి కింద పడుతుంది. షికాగోలో రిగ్లీ ఫీల్డ్ గోడకి 1937లో తీగ పాకించారు. బంతి ఆ ఆకుల్లో ఇరుక్కుపోతే కొట్టినవాడు రెండో మూల దాకా వెళ్ళొచ్చని రూలే పెట్టారు. న్యూయార్క్‌లో పోలో గ్రౌండ్స్ స్నానాల తొట్టిలా పొడుగ్గా ఉండేది. కుడి చివర గోడ 258 అడుగులే, నడిమధ్యన మాత్రం 480 పైచిలుకు. 1954లో విల్లీ మేస్ అనే ఆటగాడు వెనక్కి తిరిగి పరిగెత్తుతూ పట్టిన క్యాచ్ గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. అది ఆ పొడుగు మైదానం కాబట్టి దొరికిన క్యాచ్. ఇంకో ఊళ్ళో అయితే ఆ బంతి జనంలో పడేది.

క్రికెట్‌లోనూ ఉంది ఈ ముచ్చట. ఇంగ్లండులో కాంటర్‌బరీ మైదానంలో బౌండరీ లోపలే ఒక పెద్ద చెట్టుండేది. బంతి దానికి తగిలితే నాలుగు పరుగులు. 2005 జనవరిలో గాలికి విరిగింది. మన ఊళ్ళలో పెరట్లో కొబ్బరిచెట్టుకి తగిలితే ఎన్ని పరుగులని తగువులాడుకునే పిల్లల్ని చిన్నచూపు చూడక్కర్లేదు.

తర్వాత 1960ల నుంచి అమెరికాలో గుండ్రంగా, అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు పెద్ద పెద్ద స్టేడియాలు కట్టారు. జనానికి విసుగొచ్చింది. 1992లో బాల్టిమోర్‌లో పాత ఇటుకల గోడౌను పక్కన, పాతకాలపు వంకర్లతో మళ్ళీ ఒకటి కట్టారు, కేమ్డెన్ యార్డ్స్ అని. దాని తర్వాత అందరూ వంకర్లు వెతుక్కున్నారు. హ్యూస్టన్ వాళ్ళయితే 2000లో మైదానంలోనే ఏటవాలు గుట్ట పోసి, దాని మీద జెండా కర్ర పాతారు. బంతి కోసం పరిగెత్తేవాడు ఆ గుట్ట ఎక్కాలి! 2016 తర్వాత తీసేశారు. బొమ్మల గేమ్‌లో పీపాలు దొర్లితే మనకి నవ్వొస్తుంది గానీ, ఆటగాడి కాళ్ళ ముందు గుట్ట పోసినవాళ్ళు పెద్దపెద్ద చదువులు చదివిన ఇంజనీర్లే.

గేమ్ చేసింది జపాన్‌వాళ్ళు. బేస్‌బాల్ అక్కడికి 1872లో ఒక అమెరికన్ మాస్టారి వెంట వెళ్ళింది. 1924లో కట్టిన కోషియెన్ స్టేడియంలో హైస్కూలు పిల్లల పోటీలు జరుగుతాయి. ఓడిన పిల్లలు ఏడుస్తూ ఆ మైదానం మట్టి సంచుల్లో నింపుకుని ఇంటికి తీసుకుపోతారు. మట్టి! నాకెందుకో ఇది చాలా నచ్చింది. నింటెండో 1983లోనే టీవీ మీద బేస్‌బాల్ ఆట పెట్టింది. 1986లో నామ్కో వాళ్ళు ఇంకొకటి చేశారు, దాని పేరులో ఫ్యామిలీ స్టేడియం అని ఉంటుంది. 2005 మారియో ఆట చేసిందీ ఆ నామ్కోయే. జపాన్‌లో దాని పేరు సూపర్ మారియో స్టేడియం. ఆట పేరు కన్నా ముందు స్థలం పేరు వచ్చిందన్నమాట, మన నేలా-బండాలాగా.

ఇందులో చిన్న ఆటలు కూడా ఉన్నాయి, మినీగేములంటారు. ఇవి ఊరికే కాలక్షేపం అనుకున్నాను. కూర్చుని చూస్తే తెలిసింది, పెద్ద ఆటని ముక్కలు చేసి ఒక్కో ముక్కా ఒక్కో పందెంలా పెట్టారు. బాంబుల డెర్బీ పూర్తిగా బ్యాటు దెబ్బ. గోడల ఆటలో విసరడం మీదే దృష్టి, ఏ గోడ పగలగొడితే ఎన్ని పాయింట్లో అని. నిద్రపోతున్న గొలుసు కుక్కలాంటి దాన్ని లేపకుండా మూలల మధ్య తిరగడం ఒకటి, అది పరుగు, అంతకన్నా ఓపిక. ఇంకో దాంట్లో మొక్కల నోళ్ళకి రంగు రంగుకి సరిపోయేట్టు విసరాలి. టాయ్ ఫీల్డ్ అని ఇంకొకటి, మైదానమంతా గడులు, ఏ గడిలో పడితే ఆ ఫలం, నాణేలు గెలుచుకోవడం. అదయితే మా అత్తగారికి కూడా అర్థమైంది. "వైకుంఠపాళీలాంటిదే" అన్నారు.

ఇక అసలు నేను చెప్పదలుచుకున్నది. ఈ గేమ్‌లో 2005 నాటి పన్నెండు మంది కెప్టెన్లలో పీచ్, డైసీ అని ఇద్దరు రాకుమార్తెలున్నారు. పీచ్ అంటే ఎప్పుడూ ఎవరో ఒకరు ఎత్తుకుపోతే మారియో వెళ్ళి విడిపించే పిల్ల. ఇక్కడ మాత్రం జట్టు ఆమెది, స్టేడియం ఆమెది. ఎందుకు ఆడుతోందని ఎవరూ అడగరు. నిజం మైదానాల్లో అంత తేలిగ్గా రాలేదది. 1943లో యుద్ధానికి మగాళ్ళు వెళ్ళిపోతుంటే, రిగ్లీ అనే చూయింగ్ గమ్ వ్యాపారి అమెరికాలో ఆడవాళ్ళ బేస్‌బాల్ లీగ్ పెట్టాడు. వాళ్ళకి యూనిఫారం పొట్టి గౌను. నేల మీద జారితే తొడలు చర్మం లేచిపోయేవి. నడక, మర్యాద నేర్పే క్లాసులు కూడా పెట్టారు, బంతి విసిరే చెయ్యి ఆడపిల్ల చెయ్యిలా కనిపించాలి కదా మరి! 1954లో ఆ లీగ్ మూసేశారు. అన్నేళ్ళు ఆడినవాళ్ళు ఇళ్ళకి వెళ్ళిపోయారు.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. కిందటేడాది దాకా బీచ్‌లో మగపిల్లలతో కలిసి క్రికెట్ ఆడేది. పెద్దమనిషి అయ్యాక మా అత్తగారు వద్దన్నారు. ఇసుకలో ఆట మానేసిన పిల్ల టీవీ ముందు డైసీని కెప్టెన్‌గా పెట్టుకుని బాబాయి కొడుకుల్ని, పిన్ని కొడుకుని చితక్కొట్టింది. డైసీకి ఓడ మీద స్టేడియం ఉంది. చుట్టూ సముద్రం. రాత్రి వేళ పెద్ద ఆక్టోపస్ లాంటిది చేతులు పైకి చాపి ఆటగాళ్ళని పట్టుకుంటుంది. పిల్లలు కేరింతలు. పక్కన బియ్యంలో రాళ్ళేరుతున్న మా అత్తగారు చేట పక్కన పెట్టి లేచి లోపలికి వెళ్ళిపోయారు.

నాకు తెలుసు ఎందుకో. 1977 నవంబరు 19 రాత్రి ఉప్పెనలో ఆవిడ ఇద్దరు చెల్లెళ్ళు పోయారు. ఆవిడకి సముద్రం ఒడ్డు మైదానం కాదు. ఆడపిల్ల కదా అన్నది పైకి చెప్పే మాట. రెండూ కలిసిపోయి ఉన్నాయి, ఏది ఎంతో విడదీసి చెప్పడం ఆవిడ వల్లా కాదు. నేను ఆవిడతో వాదించలేదు, మా అమ్మాయి పక్షం వదల్లేదు. మధ్యాహ్నం ఇద్దరం కందులు విసురుతుంటే చెప్పాను. "అత్తయ్యా, నీళ్ళ భయం అబ్బాయిలకీ అంతే కదా, వాళ్ళనెవరూ ఆపట్లేదు. భయం నీళ్ళదైతే నేను కూర్చుంటాను ఒడ్డున. దాన్ని ఆపకండి" అన్నాను. ఆవిడ తిరగలి ఆపలేదు, జవాబూ చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే మా చెల్లి కూతురు, మా అమ్మాయి, ఇంకో ఇద్దరు బీచ్‌కి వెళ్ళారు. నేను ఫ్లాస్కుతో వెళ్ళి పడవ నీడన కూర్చున్నాను. చెల్లి కూతురు అక్కడ స్కూల్లో సాఫ్ట్‌బాల్ ఆడుతుంది, అదే మూలలు గీసింది. రూల్స్ మాత్రం మా అమ్మాయివి. ఆటు వేళ తడి ఇసుక గట్టిగా ఉంటుంది, బంతి లేస్తుంది. పొడి ఇసుకలో పడితే చచ్చిపోతుంది, అందుకని అటు కొడితే ఒక మూలే. ఎండబెట్టిన వలల మీద పడితే ఔట్, వలలవాళ్ళు తిడతారు కాబట్టి. నీళ్ళలో పడితే ఆట ఆగుతుంది, పరుగుల్లేవు, ఎవరూ వెనకాల దిగకూడదు, అల తెచ్చిందాకా ఆగాలి. ఈ ఆఖరి రూలు నాయనమ్మ పెట్టిందట. ఎప్పుడు అడిగిందో నాకు చెప్పలేదు.

చెల్లివాళ్ళు వెళ్ళిపోయారు, గేమ్ పెట్టె వెళ్ళిపోయింది, ట్రాన్స్‌ఫార్మర్ అటక మీద ఉంది. ఆడపిల్లలు ఆదివారాలు ఇంకా ఆడుతున్నారు, ఇప్పుడు ఆరుగురయ్యారు. పదో తరగతిలోకి వచ్చాక మానెయ్యాలి అంటున్నారు మా ఆయన. అప్పుడు చూద్దాం అన్నాను. జూన్‌లో బడి తెరుస్తారు.