సాంచాలు ఆపకుండా సిపాయి కావొచ్చా?

ఈసారి కూడా కొంచెం పొడుగే రాస్తున్నాం. ఓపికగా చదవండి, ఇంట్లో పిల్లలతో కూడా చదివించండి.

మొన్న ఆదివారం పొద్దున వరాలా తలావ్ దగ్గర నడుస్తుంటే మన వాడ అబ్బాయి ఒకడు కలిశాడు. నేవీలో పదిహేనేళ్లు చేసి ఇంటికి వచ్చి, ఇప్పుడు వాళ్ల నాయన నడిపిన సాంచాలే చూసుకుంటున్నాడు. కాసేపు అవీ ఇవీ మాట్లాడి, చివరికి మనసులో మాట బయటపెట్టాడు.

"కాకా, టెరిటోరియల్ ఆర్మీ అని ఉన్నదట గదా. ఏడాదికి రెండు నెలలు పోతే చాలంటున్నరు. నేను నేవీ నుంచి వచ్చినోణ్ణి, నన్ను ఆర్మీల తీసుకుంటరా? తీసుకుంటే ఇక్కడ సాంచాలెట్ల?"

అదే సమయంలో తలావ్ పక్కన పదిహేను, ఇరవై మంది కుర్రాళ్లు భర్తీ కోసం పరుగు ప్రాక్టీసు చేస్తున్నారు. వాళ్లలో ఇద్దరు ఆగి మా మాటలు విన్నారు. "అది గవర్నమెంటు నౌకరీనే గదా?" అని అడిగారు. కాదు. అది నౌకరీ కాదు. ఈ ఒక్క ముక్క తెలియక ఎన్నో ఇళ్లలో ఆశలు పెట్టుకుంటున్నారు. అందుకే ఈ పార్ట్‌టైం సైన్యం ఎక్కడి నుంచి వచ్చింది, మనలాంటి వాళ్లకు దానితో ఏం సంబంధం అన్నది మొదటి నుంచి చెప్పాలనిపించింది.

మన పేరే సిపాయి పేరు

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 1857 నాటి ఉత్తర భారతంలో కంపెనీ సిపాయిని 'తిలంగా' అనేవాళ్లు. అవధ్ రైతుబిడ్డ అయినా సరే, ఎర్రకోటు వేస్తే తిలంగాయే. ఎందుకంటే అంతకు వందేళ్ల ముందు క్లైవ్ మద్రాసు నుంచి బెంగాల్‌కు తీసుకెళ్లిన సిపాయిల్లో తెలుగు దేశం వాళ్లు ఉన్నారు. వాళ్లను చూసి అక్కడి జనం పెట్టిన పేరు అది. అంటే ఒకప్పుడు తెలుగువాడు అన్నా, సిపాయి అన్నా అక్కడ ఒకటే మాట.

తర్వాత కథ తిరగబడింది. 1881 నుంచి 1885 వరకు మద్రాసు సైన్యానికి అధిపతిగా ఉన్న రాబర్ట్స్, ఆ తర్వాత మొత్తం భారత సైన్యానికే అధిపతి అయ్యాడు. దక్షిణాది వాళ్లలో యుద్ధం చేసే లక్షణం పోయిందని ఆయన నమ్మకం. 'యుద్ధ జాతులు' అనే లెక్క ఒకటి తయారైంది. పంజాబు, నేపాలు, వాయవ్య సరిహద్దు వాళ్లకు పెద్దపీట వేశారు. మద్రాసు పటాలాలు ఒక్కొక్కటిగా తగ్గిపోయాయి. 1922లో ఏర్పడిన 3వ మద్రాస్ రెజిమెంటును కూడా ఖర్చు తగ్గించాలంటూ కొన్నేళ్లకే రద్దు చేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో మనుషులు అవసరమైనప్పుడు మళ్లీ మద్రాస్ రెజిమెంటును లేపారు. అవసరం పడేసరికి యుద్ధ లక్షణం తిరిగి వచ్చిందన్నమాట!

పక్క తలుపు

ముందు తలుపు ఇలా మూసుకుపోతున్న రోజుల్లోనే ఒక పక్క తలుపు తెరుచుకుంది. 1920లో రెండు చట్టాలు వచ్చాయి. ఒకటి ఆగ్జిలరీ ఫోర్స్, అది యూరోపియన్లకు, ఆంగ్లో ఇండియన్లకు. రెండోది ఇండియన్ టెరిటోరియల్ ఫోర్స్, అది భారతీయులకు. చర్మం రంగును బట్టే విభజన. అయినా ఈ రెండో దానిలో, సైన్యంలో పూర్తికాలం చోటు దొరకని ప్రాంతాల వాళ్లకు, కాలేజీ పిల్లలకు ఏడాదిలో కొన్ని రోజులు తుపాకీ పట్టే అవకాశం దొరికింది. యూనివర్సిటీ ట్రైనింగ్ కోర్ కూడా ఆ రోజులదే. ఇప్పుడు మన పిల్లలు వేసుకునే ఎన్‌సీసీ దుస్తుల మూలం అక్కడే ఉంది.

పక్క తలుపు గుండా వెళ్లి ఎంత దూరం పోవచ్చో చెప్పడానికి ఒక్క పేరు చాలు: రామదాస్ కటారి. చెంగల్పట్టులో పుట్టిన తెలుగువాడు. మన ముంబై హార్బరులో 1927లో 'డఫ్రిన్' అనే శిక్షణ నౌక మొదలైంది. వర్తక నౌకలకు భారతీయ ఆఫీసర్లను తయారు చేయడం దాని పని. ఆ మొదటి బ్యాచ్ కుర్రాడు ఈయన. చదువయ్యాక కలకత్తా రేవులో హుగ్లీ నదిపై పనిచేశాడు. 1939లో యుద్ధం రాగానే నౌకాదళ రిజర్వులో చేరాడు. రిజర్వు నుంచి పూర్తికాలం నేవీకి మారాడు. 1958 ఏప్రిల్‌లో భారత నౌకాదళానికి మొదటి భారతీయ అధిపతి అయ్యాడు. 1961లో గోవా విముక్తి నాటికి నేవీ ఆయన చేతిలోనే ఉంది.

ఆయనది రిజర్వు నుంచి పూర్తికాలానికి వెళ్లిన దారి. మన అబ్బాయి అడుగుతున్నది పూర్తికాలం నుంచి రిజర్వుకు, అదీ నీళ్ల మీది నుంచి నేల మీదికి. రెండు దారులకూ మధ్యలో ఉన్నది అదే తలుపు.

1949 అక్టోబర్ 9

స్వాతంత్ర్యం వచ్చాక 1948లో టెరిటోరియల్ ఆర్మీ చట్టం చేశారు. 1949 అక్టోబర్ 9న గవర్నర్ జనరల్ రాజగోపాలాచారి ఈ సైన్యాన్ని ప్రారంభించారు. ఏటా అదే రోజు దాని దినోత్సవం. రంగు లెక్కలు, జాతి లెక్కలు పోయాయి. లెక్క ఒక్కటే మిగిలింది: నీకు బతుకుతెరువు ఉండాలి. రైతో, గుమాస్తానో, డాక్టరో, దుకాణందారో, ఎవరైనా సరే, తన పని తను చేసుకుంటూ ఏడాదిలో కొంతకాలం యూనిఫాం వేసుకోవాలి. దేశం పిలిస్తే పూర్తిగా రావాలి. 1962, 1965, 1971 యుద్ధాలలో పిలిచారు, వెళ్లారు.

ఆడపిల్లల సంగతి కూడా చెప్పాలి. టెరిటోరియల్ ఆర్మీలో చేరే హక్కు మహిళలకూ ఉందని 2018 జనవరిలో ఢిల్లీ హైకోర్టు తీర్పు ఇచ్చింది.

ధోనీని చూసి చాలామంది ఇదేదో గౌరవ పదవి అనుకుంటారు. 2011లో ఆయనకు ఇచ్చిన లెఫ్టినెంట్ కల్నల్ హోదా గౌరవ హోదాయే, నిజమే. కానీ మామూలుగా చేరినవాడికి గౌరవం తర్వాత, డ్యూటీ ముందు. ఇన్‌ఫాంట్రీ బెటాలియన్లలో ఏటా రెండు నెలల క్యాంపు ఉంటుంది. కొత్తగా చేరిన వాళ్లకు మొదటి ఏడాది దానికి తోడు నెల రోజుల ప్రాథమిక శిక్షణ. ఆ రోజులకు రెగ్యులర్ సైన్యంతో సమానంగా జీతం, భత్యాలు ఇస్తారు. మిగతా రోజులకు ఏమీ రాదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. 'ఏడాదికి రెండు నెలలే' అన్నది హామీ కాదు. ఈ బెటాలియన్లను కశ్మీరుకు, ఈశాన్యానికి పిలిచి ఏళ్ల తరబడి ఉంచిన సందర్భాలు ఉన్నాయి. పిలిచినప్పుడు "బీము ఎక్కించిన, అది అయిపోయినాక వస్త" అంటే కుదరదు. పింఛను సంగతి కూడా అంతే. ఇలా పిలుపు మీద చేసిన సర్వీసు అంతా కలిపి సిపాయికి 15 ఏళ్లు నిండితేనే పింఛను. చేరిన ప్రతివాడికీ రాదు.

కూలివాడి చేతికి రెండు పనులు

మనం పని చేసి బతికే జనం కాబట్టి ఇంకొక ఘట్టం కూడా దాచకుండా చెప్పుకోవాలి. టెరిటోరియల్ ఆర్మీలో రైల్వే యూనిట్లు ఉన్నాయి. వాటిలో ఉండేది రైల్వే ఉద్యోగులే. 1974లో దేశమంతా రైల్వే సమ్మె జరిగినప్పుడు ఆ యూనిట్లను పిలిచి బండ్లు నడిపించారు. నిన్నటి దాకా పక్కన నిలబడి పనిచేసిన తోటివాడు సమ్మెలో ఉంటే, ఇవాళ యూనిఫాం వేసుకుని అతని పని తను చేయాలి. తప్పెవరిదో తేల్చడానికి ఇది రాయడం లేదు. పార్ట్‌టైం సిపాయి ఒకే ఒంటి మీద రెండు బతుకులు మోస్తాడు. ఏదో ఒక రోజు ఆ రెండూ ఎదురుబొదురు నిలబడవచ్చు. సంతకం పెట్టే ముందు ఇది తెలిసి ఉండాలి.

మన దగ్గర చిక్కు ఎక్కడ?

ఇప్పుడు అసలు విషయం. ఈ సైన్యం అడిగే మొదటి ప్రశ్న "నీకు పని ఉందా, ఆదాయం ఉందా?" అని. భివండీలో మన కుర్రాడికి పన్నెండు గంటల పాళీ ఉంది. చేతినిండా పని ఉంది. కానీ పగార్ మీటరు లెక్కన, చేతికి నగదు. జీతం చీటీ లేదు, హాజరు పత్రం లేదు. సొంత సాంచాలు ఉన్న ఇళ్లలో కూడా అన్నీ నాయన పేరునో, చనిపోయిన తాత పేరునో నడుస్తుంటాయి. కొడుకు పొద్దు మాపు పనిచేసినా కాగితం మీద నిరుద్యోగి! ఒకప్పుడు 'యుద్ధ జాతి కాదు' అని ఆపారు. ఇవాళ ఆ మాట అనేవాడు లేడు. ఇవాళ మనల్ని ఆపేది మన కాగితాలే.

చట్టంలో ఒక మంచి ఏర్పాటు ఉంది. సైనిక సేవకు పిలిచిన మనిషిని, తిరిగి వచ్చాక యజమాని మళ్లీ పనిలో పెట్టుకోవాలి. కానీ ఎవరి దగ్గర పనిచేస్తున్నాడో రాసి లేని మనిషి ఏ పనిలోకి తిరిగి వెళ్తాడు? ఆ రక్షణ కూడా కాగితం ఉన్నవాడికే.

ఇది ఒక్క అబ్బాయి ముచ్చట కాదు. అగ్నిపథ్ 2022లో వచ్చింది. నాలుగేళ్ల తర్వాత పావు వంతు వరకే సైన్యంలో ఉంచుతారు, మిగతావాళ్లు ఇంటికి. మొదటి బ్యాచ్‌లకు 2026 చివరి నుంచి నాలుగేళ్లు నిండుతాయి. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల పిల్లలు యూనిఫాం విడిచి సాంచాల దగ్గరికి వస్తారు. వాళ్లూ ఈ ప్రశ్నే అడుగుతారు.

అందుకని సంఘం ముందు మా మాటలు నాలుగు:

ఒకటి, కొడుకు సాంచాలు చూసుకుంటుంటే ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌లో, బ్యాంకు ఖాతాలో అతని పేరు ఎక్కించండి. పాన్ తీసి, ఆదాయపు పన్ను రిటర్ను వేయడం అలవాటు చేయండి.

రెండు, సంఘంలో ఉన్న కార్ఖానాదారులు కనీసం అడిగిన కార్మికుడికైనా పగార్ బ్యాంకులో వేయండి. అది సైన్యం కోసమే కాదు, రేపు ఇంటి లోనుకైనా పనికి వస్తుంది.

మూడు, "భర్తీ చేయిస్తా, ఇంత ఇవ్వు" అనే వాడికి రూపాయి ఇవ్వకండి. ర్యాలీ ప్రకటన ఉచితంగా చదువుకోవచ్చు. అర్థం కాకపోతే సంఘం ఆఫీసుకు రండి, కూర్చొని చదువుదాం.

నాలుగు, నౌకరీ కోసం అయితే ఈ దారి వద్దు. పని నిలబడి, ఇంట్లో చూసుకునే మనిషి ఉండి, అయినా ఆ యూనిఫాం మీద మనసు పోతే అప్పుడు రండి.

నేవీ అబ్బాయికి కూడా ఇదే చెప్పాం. టెరిటోరియల్ ఆర్మీ ఆఫీసరు పోస్టులకు మూడు దళాల మాజీ ఆఫీసర్లూ అర్హులే. సిపాయి స్థాయిలో మాజీ సైనికులను కూడా తీసుకుంటారు, కాకపోతే వయసు, అర్హత ఏ ప్రకటనకు ఆ ప్రకటన చూసుకోవాలి. నేవీ మనిషి అన్నది అడ్డు కాదు. సముద్రంలో నేర్చిన క్రమశిక్షణ పనికి వస్తుంది, నేల మీది డ్రిల్లు మాత్రం మళ్లీ మొదటి నుంచి.

"మరి సాంచాలు?" అని మళ్లీ అడిగాడు.

"మీ తమ్ముణ్ణి అడిగినవా?" అన్నాం.

అడగలేదట. తలావ్ వైపు చూస్తూ కాసేపు ఊరుకున్నాడు. "ఇయ్యాల రాత్రి పాళీకి పోయినప్పుడు అడుగుత కాకా" అన్నాడు. అది వాళ్లింట్లో తేలాల్సిన మాట. తేలాక కాగితాల పని మనం చూద్దాం.

తప్పులుంటే పెద్దలు సరిదిద్దండి. మీ కుటుంబంలో టెరిటోరియల్ ఆర్మీలో గానీ, మూడు దళాల్లో గానీ చేసినవాళ్లు ఉంటే సంఘానికి చెప్పండి. మన పిల్లలకు వాళ్ల అనుభవం వాళ్ల నోటితోనే వినిపిద్దాం.