నాలుగిళ్లకు ఒకరు

జర్మనీలోని ఎల్బర్‌ఫెల్డ్ అనే బట్టల మిల్లుల పట్టణంలో 1853లో ఒక పద్ధతి మొదలైంది. సాయం కోరిన పేదల ఇంటికి జీతం తీసుకోని పౌరుడొకరు స్వయంగా వెళ్లి చూసేవారు. ఒక్కొక్కరికి నాలుగు కుటుంబాలకు మించి అప్పగించేవారు కాదు. సాయం 14 రోజులకే మంజూరు. పొడిగించాలంటే మళ్లీ ఆ గడప తొక్కవలసిందే. అందులో నిఘా పాలూ ఉండేది, అది నాకు గిట్టదు. ఆ నాలుగు లెక్క మాత్రం మనసుకు పట్టింది.

మన సంఘం తరఫున నాకు 23 ఇళ్లు ఉండేవి. వరుసలో నేను వెళ్లేసరికి, దివంగత మిత్రుని శ్రీమతిగారు కుటుంబ పెన్షన్ కాగితాలు నింపడం తెలియక ఏడు నెలలుగా ట్రంకుపెట్టెలో దాచి ఉంచారు. పాలవాడికి, కిరాణా కొట్టుకు అప్పు. “మీరు వస్తారనుకున్నాను అన్నయ్యగారూ” అన్నారు, అంతే.

ఇప్పుడు నావి నాలుగే ఇళ్లు. మిగిలిన 19 ఇళ్లకు సభ్యులు పేర్లు ఇవ్వవలసి ఉంది.