ఒక లోహము - రెండు పేర్లు

మన పాఠ్యపుస్తకములో ‘అల్యూమినియమ్’ అని చదువుకొన్న విద్యార్థి అమెరికాలో అచ్చయిన పుస్తకమును తెరచినచో, అదే లోహమునకు ‘అల్యూమినమ్’ అను పేరు కనిపించును. ఇంగ్లీషు వ్రాతలో ఈ రెండింటికిని గల భేదము ఒక్క ‘ఐ’ అక్షరము మాత్రమే. పలుకుబడిలో భేదము ఇంకను ఎక్కువ. ఇంగ్లండువారు ఈ మాటను ఐదు ఖండములుగా పలికి మూడవదానిని ఒత్తి పలుకుదురు. అమెరికావారు నాలుగు ఖండములుగా పలికి రెండవదానిని ఒత్తుదురు. వీనిలో ఏది ఒప్పు? ఏది తప్పు? ఒక విద్యార్థి జవాబు పత్రములో రెండవ రూపమును వ్రాసినచో ఉపాధ్యాయుడు మార్కు తగ్గింపవలెనా? ఈ ప్రశ్నకు సమాధానము వ్యాకరణములో లేదు, చరిత్రలో ఉన్నది.

ఇంగ్లండు రసాయన శాస్త్రజ్ఞుడు సర్ హంఫ్రీ డేవీ 1807లో విద్యుత్తు సహాయముతో పొటాషియమ్, సోడియమ్ లోహములను వేరుచేసెను. మరుసటి సంవత్సరము అల్యూమినా అను పదార్థమునుండి కూడ లోహమును రాబట్టుటకు ప్రయత్నించెను. లోహము చేతికి రాలేదు గాని, దానికొక పేరు మాత్రము సూచించెను. పటికకు లాటిన్ భాషలో ‘అల్యూమెన్’ అని పేరు. దానినిబట్టి డేవీ 1808లో ‘అల్యూమియమ్’ అనెను. 1812లో వెలువడిన తన గ్రంథములో ఆ పేరును మార్చి ‘అల్యూమినమ్’ అని వ్రాసెను. అనగా నేడు మనము అమెరికా రూపమని అనుకొనునది లండనులో ఒక ఇంగ్లీషు శాస్త్రజ్ఞుని కలమునుండి వెలువడినదే!

అదే సంవత్సరము ఒక ఇంగ్లీషు పత్రికలో పేరు తెలుపని విమర్శకుడొకడు ఈ పేరుకు ప్రాచీన భాషల గాంభీర్యము చాలదనియు, ‘అల్యూమినియమ్’ అనుట మేలనియు వ్రాసెను. సోడియమ్, పొటాషియమ్ అను పేర్లతో ఈ రూపము చక్కగా కలియును. ఐనను మాలిబ్డినమ్, టాంటలమ్ అను మూలకముల పేర్లు అప్పటికే ఉన్నవి గనుక డేవీ మాటను తప్పనుటకు వీలులేదు. విశేషమేమనగా, ఈ చర్చ జరుగునాటికి ఆ లోహమును కంటితో చూచినవారే లేరు. డెన్మార్కు శాస్త్రజ్ఞుడు అయర్‌స్టెడ్ 1825లో గాని దానిని, అదియు మలినముతో కూడినదిగా, సంపాదింపలేకపోయెను.

అమెరికాలో నోవా వెబ్‌స్టర్ 1828లో తన గొప్ప నిఘంటువును ప్రకటించెను. స్వతంత్ర దేశమునకు తనదైన వర్ణక్రమము ఉండవలెనని ఆయన పట్టుదల. ‘కలర్’ అను మాటనుండి ‘యు’ అక్షరమును తొలగించినది ఆయనయే. ఆ నిఘంటువులో ‘అల్యూమినమ్’ అను రూపమే చేరినది. ఐనను అమెరికా శాస్త్రజ్ఞులలో అనేకులు చాలకాలము ‘అల్యూమినియమ్’ అనియే వ్రాయుచుండిరి.

ఆ రోజులలో ఈ లోహము అపురూపము. 1884లో వాషింగ్టన్ స్మారక స్తంభముపై 100 ఔన్సుల అల్యూమినియమ్ శిఖరమును నిలిపినప్పుడు దాని వెల ఇంచుమించు వెండితో సమానము. 1886లో అమెరికాలో చార్లెస్ మార్టిన్ హాల్, ఫ్రాన్సులో ఎరూ, ఒకరి సంగతి ఒకరికి తెలియకయే, విద్యుత్తుతో దీనిని చౌకగా తీయు పద్ధతిని కనుగొనిరి. హాల్ తన పేటెంటు పత్రములలో ‘అల్యూమినియమ్’ అనియే వ్రాసెను. వ్యాపార ప్రకటనలలో మాత్రము ‘అల్యూమినమ్’ అని కనిపించెను. ఆయన కంపెనీ 1907లో ఈ రెండవ రూపమునే తన పేరులో చేర్చుకొనెను. లోహము వంటయింటి గిన్నెగా మారి ఇల్లిల్లు చేరినప్పుడు, దానితోపాటు ఆ పేరును చేరియుండవచ్చును. 1925లో అమెరికన్ కెమికల్ సొసైటీ దానినే స్వీకరించెను.

శుద్ధ, అనువర్తిత రసాయన శాస్త్రముల అంతర్జాతీయ సంఘము 1990లో ‘అల్యూమినియమ్’ను ప్రమాణముగా గ్రహించి, 1993లో రెండవదియు అంగీకారయోగ్యమే అని తెలిపెను. గంధకము విషయములో ఇంగ్లండువారే వెనుకకు తగ్గిరి. ‘సల్ఫర్’ను వారు ‘పి’, ‘హెచ్’ అను రెండక్షరములతో వ్రాసెడివారు. ఈ జంట సాధారణముగా గ్రీకు మాటలకు గుర్తు. సల్ఫర్ అనునదో లాటిన్ మాట. 1992లో అక్కడి రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీ, అమెరికావారివలెనే, ‘ఎఫ్’ అక్షరమునకు అంగీకరించెను.

మన దేశములో ఇంగ్లీషు చదువు బ్రిటిష్‌వారి ద్వారా వచ్చినందున తెలుగులో ‘అల్యూమినియమ్’ స్థిరపడినది. అంతమాత్రమున రెండవ రూపము తప్పు కానేరదు. ఒకే వ్యాసములో రెండు రూపములను కలిపి వ్రాయుట మాత్రము తగదు. గ్రంథసూచికలోగాని కంప్యూటరులోగాని వెదకునప్పుడు రెండింటిక్రిందను వెదకవలెను. లేనిచో సగము సమాచారము చేజారును. పేర్లు రెండైనను ఆ మూలకము సంకేతము ఒక్కటే, పరమాణు సంఖ్య 13 ఒక్కటే. పరీక్షింపవలసినది విద్యార్థికి ఆ లోహమును గురించి ఏమి తెలియునో అను సంగతియే గాని, అతడు ఏ దేశపు పుస్తకము చదివెనో అనునది కాదు.